కరెంటు ఉన్నప్పుడు బాగానే ఉంది

అక్టోబర్ 25, 2025, శనివారం. సామర్లకోట

కాకినాడలో పాత సామాన్ల కొట్లో కొన్న ఇన్వర్టరు, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఇంటికొచ్చాయి. అమ్మకి ఆయాసం. రాత్రి నెబులైజర్ పెట్టాలి, ఫ్యాను ఆగకూడదు. సముద్రంలో అల్పపీడనం బలపడుతోందంటున్నారు. 1996 నవంబర్ 6 తుపాను తర్వాత ఎన్నాళ్లు దీపాలు పెట్టుకు బతికామో అమ్మకి ఇంకా గుర్తే.

పొద్దున్న మెయిన్ కట్టేసి చూశాం. ఒక్క కూత కూసి ఇన్వర్టరు ఊరుకుంది. ఫ్యాను ఆగిపోయింది.

మధ్యాహ్నం

ముందు బటన్ చూశాను. అది ఆఫ్‌లో ఉన్నా లైన్ కరెంటు ఇన్వర్టరు గుండా ఇంట్లోకి వస్తూనే ఉంటుంది, అన్నీ వెలుగుతాయి. కరెంటు పోయినప్పుడే సంగతి బయటపడుతుంది. మాది ఆన్‌లోనే ఉంది. టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుంది. వైర్లు విప్పి, వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, తుడిచి, బిగించి వ్యాజిలిన్ రాశాం. ఈ పనికి దిగేముందు చేతి ఉంగరం తీసేయాలి. స్పానర్ రెండు టెర్మినళ్లనీ ఒకేసారి తాకకూడదు. తాకితే నిప్పురవ్వలతో చెయ్యి కాలుతుంది.

అయినా మారలేదు.

అక్టోబర్ 26, ఆదివారం

ఛార్జింగ్‌లో ఉండగా మీటరు 13.6 వోల్టులు చూపింది. అది ఛార్జర్ ఇచ్చే వోల్టేజి, బ్యాటరీ సొంత బలం కాదు. వైర్లు విప్పి చాలాసేపు ఆగి చూస్తే 12.3. నిండుగా ఉన్న బ్యాటరీకి 12.7 దాకా ఉండాలి. తక్కువే గానీ చచ్చిన బ్యాటరీ అనిపించదు.

బ్యాటరీ మేస్త్రీ వచ్చి మీటరు చూసి తల అడ్డంగా ఊపాడు. "ఊరికే ఉన్నప్పుడు బాగానే చూపిత్తాదండి మాస్టారూ. లోడేత్తే తెలుత్తాది, ఆయ్." ఫ్యాను, రెండు బల్బులు వేసి మెయిన్ తీశాం. లోపల రిలే టిక్కుమంది. అంటే ఇన్వర్టరు బ్యాటరీ వైపు మారబోయింది. మీటరు మాత్రం 9 వోల్టులకి దిగిపోయింది. బ్యాటరీ అడుగంటకుండా 10.5 దగ్గర ఇన్వర్టరు తనంతట తనే కట్టేసుకుంటుంది. అది దాని ధర్మం.

తప్పు ఎవరిదో తేల్చడానికి పక్కింటి ట్రాక్టరు బ్యాటరీ అరువు తెచ్చి తగిలించాం. ఒక్క బల్బు వేసి మెయిన్ తీస్తే ఆరకుండా వెలుగుతూనే ఉంది! నాకెంత సంతోషమైందో. ఇన్వర్టరు నిక్షేపంలా ఉంది.

అక్టోబర్ 27, సోమవారం

మేస్త్రీ హైడ్రోమీటరుతో ఒక్కో సెల్లులో యాసిడ్ సాంద్రత చూశాడు. అయిదింటిలో 1230 దరిదాపు, ఆరోదానిలో 1100. ఆరు సెల్లులూ ఒకే దండలో ఉంటాయి, ఒకటి చచ్చుబడితే మిగతా అయిదూ నీరసించినట్టే. డిస్టిల్డ్ వాటర్ పోసినా ఆ సెల్లు లేవదన్నాడు.

పాతది ఇచ్చేసి కొత్త బ్యాటరీ తెచ్చాం. డబ్బు బరువే. అయినా అమ్మ ఊపిరి దగ్గర బేరమాడలేను. లెక్కకి 12 వోల్టులు, 150 ఏహెచ్ అంటే 1800 వాట్ అవర్లు. నష్టాలు పోను ఒక ఫ్యాను, రెండు ఎల్ఈడీ బల్బులు రాత్రంతా నడుస్తాయి, మధ్యలో నెబులైజర్ కాసేపు.

తుపానుకి మొంథా అని పేరు పెట్టారు.

అక్టోబర్ 28, మంగళవారం

సాయంత్రం నుంచి గాలి. ఎక్కడ ఎంత కరెంటు తయారైనా, స్తంభం ఒరిగితే మా వీధికి చీకటే. రాత్రి కరెంటు పోయింది. రిలే టిక్కుమంది. అమ్మ ఫ్యాను ఆగలేదు. తుపాను నరసాపురం దగ్గర తీరం దాటిందట.

అక్టోబర్ 29, బుధవారం

పాత ఇన్వర్టరు కొనేవాళ్లకి నా మనవి. కొట్లోనే ఫ్యానో బల్బులో తగిలించి, మెయిన్ ప్లగ్గు పీకించి, అరగంటైనా నడిపించి చూడండి. అందుకు ఒప్పుకోని కొట్లో కొనొద్దు. చచ్చిన బ్యాటరీని కాలవ గట్టున పారేయకండి, అందులో సీసం, యాసిడ్ ఉంటాయి. కొత్తది కొన్న చోటే అప్పగించండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాతవాటిని సేకరించి రీసైక్లింగుకి పంపే బాధ్యత తయారీదారులదే.