పూటకూళ్ళ ఇంటి పిల్లాడు

ఊరు విడిచి పారిపోవాలన్న కోరిక ఎక్కడ పుడుతుందని నన్నడిగితే, ఇంట్లో తనకంటూ ఒక మూల లేని పిల్లాడిలో అంటాను. థామస్ వుల్ఫ్ నవల ‘లుక్ హోమ్‌వర్డ్, ఏంజెల్’ చదివాక ఈ నమ్మకం గట్టిపడింది. నార్త్ కరోలినా కొండల్లోని ఆష్‌విల్ అతని ఊరు. తండ్రి సమాధిరాళ్ళు చెక్కేవాడు. తల్లి జూలియా 1906లో ఒక పూటకూళ్ళ ఇల్లు కొని, కడగొట్టు కొడుకుని వెంటబెట్టుకుని అందులోకి మారిపోయింది. చల్లగాలి కోసం వచ్చే జనంతో ఇల్లు నిండితే పిల్లాడి పడక ఇంకో గదిలోకి. అక్కడికీ ఎవరైనా దిగితే మరో గదిలోకి. అలాంటి రాత్రి రైలు కూత వినబడితే మనసు ఎటు పోతుంది?

నవలలో ఊరు ఆల్టమాంట్, కుర్రాడు యూజీన్ గాంట్. పేర్లు మారాయేగాని మనుషులు మారలేదు. 1929 అక్టోబరులో పుస్తకం వచ్చీరాగానే ఆష్‌విల్‌లో ఎవరికి వాళ్ళు పోల్చేసుకున్నారు. ఎవరి తాగుడు, ఎవరి పిసినారితనం, అన్నీ బజారున పడ్డాయి. తిట్లూ బెదిరింపులూ ఉత్తరాల్లో వచ్చాయి. ఊరి గ్రంథాలయం కొన్నేళ్ళపాటు ఆ పుస్తకాన్ని లోపలికి రానివ్వలేదు. వుల్ఫ్ 1937 దాకా ఊరి పొలిమేర తొక్కలేదు. తీరా వచ్చేసరికి కోపాలు చల్లారాయి. పుస్తకంలో తమకి చోటివ్వలేదని అలిగినవాళ్ళూ ఉన్నారట!

తల్లిని చిత్రించిన తీరు మాత్రం నాకు మింగుడుపడదు. స్థలాలు కొని అమ్మే ఆవిడ యావని దులిపేశాడు. నిజమే, ఆవిడ పైసా పైసా లెక్కపెట్టే మనిషే. కానీ హార్వర్డ్ చదువుకి డబ్బు పంపిందీ ఆవిడే. కొడుకుల లెక్కల్లో ఇలాంటి పద్దులు కనబడవు.

నవలలో వాగుడూ ఎక్కువే. ఎడిటర్ మాక్స్‌వెల్ పెర్కిన్స్ పట్టుబట్టి దాదాపు 60 వేల మాటలు తీయించాడు. ఇంకో పాతికవేలు తీయించినా ఎవరూ ఏడ్చేవారు కాదు. అయినా బెన్ దగ్గరికి వచ్చేసరికి ఆ వాగుడే ఏడుపవుతుంది. వుల్ఫ్ అన్న బెన్ 1918 ఫ్లూలో పోయాడు. నవలలోనూ అతని పేరు బెన్నే. ఆ పూటకూళ్ళ ఇల్లు ఇప్పుడు మ్యూజియం; అతను చనిపోయిన గదిని చూపిస్తారు.

అంత లావు పుస్తకం చదివే ఓపిక లేనివాళ్ళకి ఒక మాట. బెన్ చావు వచ్చే అధ్యాయం ఒక్కటి తీసి చదవండి. మిగతాది చదవాలో వద్దో అప్పుడు ఆలోచించుకోవచ్చు.