న్యూటన్ ఊరూ, మా పాత చాకిరేవూ

బట్టలుతికే మిషను పుట్టిన ఊరు చూడ్డానికి మూడు వందల మైళ్ళు వెళ్ళొచ్చేమంటే మన సంఘంలో నవ్వనివారు లేరు. "ఇంట్లో ఉన్నది చాలలేదా?" అని అడిగిన మిత్రులందరికీ కలిపి ఒకేసారి జవాబు చెప్పుకుందామని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాం.

రెండేళ్ళ క్రితం ఇల్లినాయ్‌లో ఒక రైతు కుటుంబం వారి పాత సామాను వేలం వేస్తుంటే సరదాకి వెళ్ళేం. తుప్పు పట్టిన నాగలి పక్కన ఒక మేటాగ్ మిషను కనిపించింది. నాలుగు కాళ్ళు, చదరపు అల్యూమినియం తొట్టి, దాని మీద బట్టలు పిండడానికి రెండు రోలర్లు. దీన్ని 'ఇ' మోడల్ అంటారు. 1939లో మొదలుపెట్టి 1983 దాకా, అంటే ఇంటింటికీ ఆటోమేటిక్ మిషన్లు వచ్చేసిన తరవాత కూడా, దీన్ని తయారుచేసేరు. పాతిక డాలర్లకి మాదైంది.

"మట్టి పోసి బంతి మొక్కలు వెయ్యండి, చాలామంది అదే చేస్తారు" అంది పక్కింటావిడ. మా పిల్లలదీ అదే సలహా. మాకు మాత్రం మనసొప్పలేదు. మేమిద్దరం ఉద్యోగాల నుంచి రిటైరయ్యేం. చేతులు ఊరికే ఉండవు కదా.

తొట్టి మధ్యలో నీళ్ళని చిలికే రెక్కల కవ్వం ఒకటుంటుంది. అది ఇరుసుకి అతుక్కుపోయింది. సుత్తితో కొడితే అల్యూమినియం పగులుతుంది. వేడినీళ్ళు పోస్తూ, కాస్త కాస్త కదుపుతూ వారం రోజులు ఓపిక పడితే వదిలింది. కరెంటు తీగ మీది రబ్బరు ముట్టుకుంటే అప్పడంలా విరిగింది. దాన్ని తీసేసి ఎర్తు ఉన్న కొత్త తీగ వేసేం. తడి నేల మీద నిలబడి వాడే మిషనుకి ఈ పని ముందు చెయ్యాలి. పెట్టెలో నూనె మార్చేం. ఇక రోలర్లు. ఒకదాన్నొకటి నొక్కుతూ ఏళ్ళ తరబడి ఉండిపోవడంతో గట్టిపడి ఒక పక్క చదునైపోయేయి. కొత్తవి తెప్పించాలి. అవి వచ్చేలోగా ఈ మిషను ఎక్కడ పుట్టిందో చూసి వద్దామనిపించింది.

చికాగో నుంచి ఇంటర్‌స్టేట్ 80 మీద పడమరకి వెళ్ళి మిసిసిపీ దాటితే ఐయోవా. దారి పొడుగునా మొక్కజొన్న చేలు. డెమాయిన్ ఇంకా ముప్ఫై అయిదు మైళ్ళుందనగా వస్తుంది న్యూటన్. సుమారు పదిహేను వేల జనాభా. నడిబొడ్డున కోర్టు భవనం, దాని చుట్టూ అంగళ్ళు. ఊరి పార్కుది కూడా మేటాగ్ పేరే.

ఈ కంపెనీ 1893లో పుట్టింది బట్టల కోసం కాదు, నూర్పిడి యంత్రాల సరంజామా కోసం. నూర్పుల కాలం దాటితే కార్ఖానాకి పని ఉండదు. ఆ ఖాళీలో చెయ్యడానికి 1907లో చెక్కతొట్టితో చేత్తో తిప్పే మిషను మొదలుపెట్టేరు. 1922లో వచ్చిన మార్పు పెద్దది. అంతకుముందు చాలా మిషన్లలో చిలికే కర్ర మూత నుంచి కిందకి వేలాడేది, బట్టల్ని పట్టుకు ఈడ్చేది. హొవార్డ్ స్నైడర్ అనే పనిమంతుడు కవ్వాన్ని తొట్టి అడుక్కి తెచ్చేడు. బట్టని ఈడ్చే బదులు సబ్బునీళ్ళే బట్టలోంచి దూసుకుపోతాయి. కరెంటు లేని పల్లెలకి పెట్రోలు ఇంజను తగిలించి అమ్మేరు. కాలితో తన్ని స్టార్టు చెయ్యాలి, పొగ పోవడానికి గొట్టం బయటకి పెట్టాలి. వెన్న చిలుక్కునే పాత్ర కూడా ఆ మిషనుకే తగిలించుకునేలా అమ్మేవారట!

ఇంటర్‌స్టేట్‌కి దగ్గర్లోనే జాస్పర్ కౌంటీ చరిత్ర మ్యూజియం ఉంది. అందులో మేటాగ్ మిషన్లు కొలువుతీరి ఉంటాయి. మా మిషనుకి అక్కలాంటిది ఒకటి కనిపిస్తే వంగి చూస్తున్నాం. పక్కనే ఉన్న ఒక పెద్దావిడ పలకరించింది. తను ఆ ఫ్యాక్టరీలో పనిచేసిందట. 2006లో వర్ల్‌పూల్ వారు మేటాగ్‌ని కొన్నారు, 2007 అక్టోబరులో న్యూటన్ ఫ్యాక్టరీ మూసేరు. ఆ సంగతి ఆవిడ ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంది. వాళ్ళమ్మ గురించి మాత్రం చాలా చెప్పింది. సోమవారం అంటే ఉతుకుళ్ళ రోజు. ఒకసారి దుప్పటితో పాటు వాళ్ళమ్మ చెయ్యి కూడా రోలర్ల మధ్యకి పోయిందట. మోచేతి దగ్గర మచ్చ చివరిదాకా ఉండిపోయిందట. "అయినా ఈ మిషను వచ్చిన రోజే తన పెళ్ళిరోజు కంటే బాగుందనేది" అని నవ్వింది. మాది నడుస్తుందా అని అడిగింది. త్వరలో నడుస్తుందన్నాం. "మొక్కలు మాత్రం పెట్టకండి" అంది.

కొత్త రోలర్లు వచ్చేయి. ఒక సోమవారమే చూసి మిషను నడిపేం. షెడ్డులో కొళాయి లేదు. తొట్టికీ, జాడించే రెండు గంగాళాలకీ కలిపి నలభై గ్యాలన్ల నీళ్ళు బకెట్లతో మోసేం. గ్యాలను ఎనిమిది పౌన్ల పైచిలుకు, మొత్తం మూడు వందల ముప్ఫై పౌన్లు. ముందు తెల్లబట్టలు, ఆ నీళ్ళలోనే రంగుబట్టలు, ఆఖర్ని తోటపని బట్టలు. మన మడి, మైల లెక్కలాగే దీనికీ ఒక వరస ఉంది. తెల్లవాటికి నీలిమందు కూడా పెట్టేం. దుప్పటి రోలర్లలోంచి అప్పడాల పిండిలా పలచగా వచ్చింది. మిషను పనే మిషను చేసింది, అయినా సాయంత్రానికి ఇద్దరి నడుములూ పట్టేసేయి.

ఆ రాత్రి మాకు చాకలి పద్దు గుర్తొచ్చింది. మన చిన్నప్పుడు బట్టలు మూట కట్టి వేసేవాళ్ళం. చీరలు ఆరు, పంచెలు నాలుగు, దుప్పట్లు రెండు అని పుస్తకంలో రాసుకునేవాళ్ళం. తిరిగొచ్చేక ఒక తువ్వాలు తగ్గితే అడిగేవాళ్ళం. ఆ తడి మూట బరువెంతో మన ఇళ్ళలో ఎవరూ ఎత్తి చూడలేదు. చౌడు వేసి ఉడకబెట్టి, కాలవ రేవులో బండకేసి బాది, మళ్ళీ తలకెత్తుకుని తెచ్చిన ఆవిడకి ఏ మిషనూ రాలేదు. మేమిద్దరం ఎంత ఆలోచించినా మా రెండిళ్ళలోనూ బట్టలుతికిన ఆవిడల పేర్లు గుర్తు రాలేదు. పద్దు రాసింది మేమే. చీరల లెక్క గుర్తుంది.

ఊళ్ళో ఉన్న మా పెద్దన్నయ్యకి ఫోను చేసి అడిగేం. ఆయనకీ తెలియదు, కనుక్కుని చెప్తానన్నారు. ఇంకా కబురు రాలేదు.

వచ్చే నెల మా ఇంట్లో జరిగే పిక్నిక్‌కి మిషను బయట పెడతాం. తలొక దుప్పటీ తెచ్చుకోండి. నీళ్ళు మాత్రం ఎవరివి వారే మోసుకోవాలి. పిల్లల్ని రోలర్ల దగ్గరకి రానివ్వం.