ఉద్దానములో ఒకనాడు

శ్రీకాకుళము జిల్లా పటమును విప్పి చూచినచో, తూర్పున సముద్రమునకును పడమట మహేంద్రగిరి పంక్తికిని నడుమ, పలాస ప్రాంతము మొదలు ఇచ్ఛాపురము వఱకు ఒక పచ్చని సీమ కానవచ్చును. అదియే ఉద్దానము. ఉద్యానమను సంస్కృత పదమే జనుల నాలుకలపై నిట్లు మాఱినదని పెద్దలందురు. కొబ్బరి, జీడిమామిడి, పనస ఈ నేలకు మూడు సొమ్ములు. రఘుమహారాజు కళింగమును జయించినప్పుడు అతని భటులు తమలపాకులతో పానభూమి నేర్పఱచుకొని కొబ్బరికల్లు త్రావిరని కాళిదాసు రఘువంశమున వర్ణించినాడు. అరణ్యవాసమున పాండవులు పరశురాముని దర్శించిన మహేంద్రపర్వతము నిదియే. మనము ఇంటిలో కూర్చుండి చదివిన కళింగము శ్రీకాకుళమునుండి రెండు గంటల దూరములోనే యున్నది.

అయినను నేడు ఉద్దానము పేరెత్తినంతనే మన యిండ్లలో కొబ్బరి తలపునకు వచ్చుట లేదు. మూత్రపిండముల వ్యాధి తలపునకు వచ్చుచున్నది. మూడు దశాబ్దములుగా కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మొదలగు మండలములలో ఈ వ్యాధి వందల యిండ్ల దీపముల నార్పినది. ఆ సీమ పిల్లవానికి పిల్లనిచ్చుటకు వెనుదీయువారు మన చుట్టములలోనే యున్నారు. మా చెల్లెలికి వజ్రపుకొత్తూరు ప్రాంతపు గ్రామమునుండి సంబంధము వచ్చినది. పిల్లవాడు పలాసలో ఒక జీడిపిక్కల బట్టీయందు లెక్కలు వ్రాయును. మా తల్లి వలదన్నది. చెల్లెలు మాత్రము, “అక్కా, నీవు నీ కన్నులతో చూచి రా, తరువాత చెప్పుదము” అన్నది. మా వారికి పదవ తరగతి పిల్లల ప్రత్యేక పాఠములు. అత్తగారు, “ఒక్కతెవే ఎట్లు పోవుదువే?” అని రెండు మాఱులడిగి, మూడవ మాఱు మా సంచిలో పులిహోర పొట్లమును, ఇంటి మంచినీళ్ళ సీసాను పెట్టిరి. ఆ విధముగా పుష్యమాసమున ఒక శనివారమునాడు మేమొక్కరమే బయలుదేఱితిమి.

ఆముదాలవలసలో ఉదయపు రైలెక్కితిమి. కోటబొమ్మాళి దాటినపిమ్మట నౌపడ వచ్చును. అక్కడ ఉప్పుమళ్ళు అద్దపు ముక్కలవలె మెఱయుచు, తెల్లని ఉప్పుకుప్పలతో రైలునుండియే కన్నులకు విందు చేయును. ఈ నౌపడనుండియే 1900లో పర్లాకిమిడి రాజావారు తమ పట్టణమునకు చిన్నరైలు వేయించిరి. టెక్కలిమీదుగా గునుపురము వఱకు పోవు ఆ మార్గము 2011లో పెద్దరైలు మార్గమైనది. మా పెట్టెలోని పండ్లమ్ముకొను ముసలమ్మ తెలుగులో మొదలిడి ఒడియాలో ముగించుచుండెను. 1936లో ఒడిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు గంజాము జిల్లాను రెండుగా కోసిరిగాని, మాటలను కోయలేకపోయిరి.

పలాసయు కాశీబుగ్గయు జంట పట్టణములు. రైలు దిగినంతనే వేగిన జీడిపిక్కల వాసన యెదురు వచ్చును. జీడిమామిడి మన నేలదికాదు. పదునాఱవ శతాబ్దమున పోర్చుగీసువారు బ్రెజిలునుండి తెచ్చిరి. చాకలివారు గుడ్డలకు గుర్తుపెట్టు నల్లజీడివలె దీని తొక్కయందును చర్మమును కాల్చు రసముండుటచే మనవారు దీనికి జీడిమామిడియని పేరిడిరి. మా వారివద్ద చదివిన పిల్ల యొకతె ఒక బట్టీయందు గుమాస్తాగా నున్నది. ఆమె మమ్ములను లోనికి గొనిపోయినది. ఎండబెట్టిన పిక్కలను ఆవిరిలో ఉడికించి, కత్తిమరపై నొక్కటొక్కటిగా చీల్చి, పప్పును తీసి, వేడిగదిలో ఆఱబెట్టి, పైపొరను ఒలిచి, పిమ్మట తరములుగా ఏఱుదురు. పౌనునకు 180 తూగునది మేలైన గుండు. 210, 240, 320 అని క్రిందికి దిగును. ఆ తరువాత బద్ద, ముక్క. ఈ పనిలో హెచ్చుభాగము స్త్రీలదే. జీడిరసము తగులకుండ చేతులకు నూనె రాచుకొని కూర్చుందురు. అయినను వ్రేళ్ళకొనలు నల్లబడియే యున్నవి. ఒకామె చేయి చూపుచు, “పెళ్ళికి గోరింట పెట్టినా అగుపడదమ్మా” యని నవ్వినది. ఇకపై పాయసములో జీడిపప్పు వేయునప్పుడెల్ల మాకా వ్రేళ్ళు జ్ఞప్తికి రాకపోవు.

పలాసకు చరిత్ర కూడ కలదు. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ యిచ్చటనే జరిగెను. పిమ్మట కొలది దినములకే, ఏప్రిల్ 1న, మందస జమీనులోని గుడారి రాజమణిపురములో, అడవి కట్టెల తగవున రైతులను పట్టుకొన వచ్చిన పోలీసుల కడ్డుపడి, వీరగున్నమ్మయను రైతుస్త్రీ తుపాకి గుండ్లకు బలియైనది. ఆమెతోబాటు మఱికొందఱును మరణించిరి. పాఠ్యపుస్తకములలో ఝాన్సీరాణిని చదువు మన పిల్లలకు ఈ పొరుగింటి వీరవనితను గూర్చియు మనమే చెప్పవలయును.

కాశీబుగ్గనుండి వజ్రపుకొత్తూరు పోవు పల్లెబస్సు ఎక్కితిమి. 2025 ఆగస్టు 15 మొదలు ఆంధ్రప్రదేశమున స్త్రీలకు ఇట్టి బస్సులలో ప్రయాణము ఉచితము. కండక్టరు ఆధారు కార్డు చూచి సున్నా రూపాయల టిక్కెట్టిచ్చెను. తలుపువద్ద గంపలతో చేపలమ్ము స్త్రీలు, పుస్తకములతో కళాశాల బాలికలు. మేమొక్కరమే యని తలచినది ఆ బస్సులో మఱచితిమి. ఇరువైపుల కొబ్బరితోటలు. పొట్టిచెట్లు పెక్కు, పొడవుచెట్లు కొలది. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవాఱుజామున తిత్లీ తుపాను ఈ తీరముననే నేలకెక్కినది. తాతలునాటి చెట్లు ఒక్క రాత్రిలో పడిపోయినవి. కొబ్బరిమొక్క కాపునకు వచ్చుటకు ఆఱేడేండ్లు పట్టును. నాడు నాటినవి నేడిప్పుడిప్పుడే గెలలు వేయుచున్నవి.

గ్రామమున వెదకనక్కఱలేకపోయినది, వీధి మొదటనే పిల్లవాని తల్లి నిలిచియుండెను. “ఒక్కర్తివే వచ్చినావేటమ్మా? ఎండలో శ్రమయిపోనాది” అని చేయి పట్టుకొని తీసికొనిపోయెను. పెరటిలో రెండు పనసలు, పది కొబ్బరులు, ఒక ఆవు. కొబ్బరిబొండము కొట్టి యిచ్చెను. పిమ్మట మేమడుగకయే లోనికి పోయి, పసుపుగుడ్డ సంచి నొకదానిని తెచ్చి మా యెదుట నుంచెను. అందులో కుమారుని జాతకచక్రమున్నది; దానితోబాటు ప్రతి సంవత్సరము చేయించిన రక్తపరీక్ష కాగితములున్నవి. క్రియాటినిన్ అను లెక్క యున్న చోటెల్ల నీలిసిరా గీత. “మా ఇంటాయన ఈ జబ్బుతోనే పోనాడు. దాచి పిల్లని తెచ్చుకోమమ్మా. మీ డాక్టరుకి సూపించండి” అన్నది. జాతకములు మేము పెక్కు చూచితిమి. ఇట్టి జాతకమును చూచుట యిదియే మొదలు.

వ్యాధికి కారణమేమని మీరడుగవచ్చును. నీటిలోని లోహములా, యెండలో నీరు చాలని కష్టమా, నొప్పిమాత్రలా, యను శంకలు పలువురు శాస్త్రజ్ఞులు పరిశీలించిరిగాని, ఇదియే యని యింకను తేలలేదు. శ్రీలంక నడిమి సీమలోని వరిరైతులకును, మధ్య అమెరికాలోని చెఱకుతోటల కూలీలకును ఇట్టి వ్యాధియే కలదు. ఒక్కటి మాత్రము స్పష్టము: ఇది శాపము కాదు, అంటురోగమును కాదు. 2023 డిసెంబరు 14న హిరమండలమునుండి వంశధార నీటిని గొట్టములద్వారా తెచ్చు 700 కోట్ల రూపాయల పథకమును, పలాసలో 200 పడకల వైద్యశాలయు పరిశోధన కేంద్రమును ప్రారంభమైనవి. ఆ యింటి ముంగిటను కుళాయి యున్నది.

ఆమె గ్లాసెడు నీళ్ళు తెచ్చి, ఇయ్యక, చేతనే పట్టుకొని నిలిచినది. మా సంచిలోనుండి సీసామూత అగుపడుచునే యున్నది. “వచ్చినోరు అందరూ నీళ్ళు తెచ్చుకుంటారు లెండి” అని మెల్లగా అన్నది. మేము గ్లాసు తీసికొని పూర్తిగా త్రావితిమి. ఒక్క గ్లాసుతో రోగము రాదు, పోదు. ఒక యింటి మర్యాద మాత్రము నిలుచునో పోవునో తేలును.

అక్కుపల్లి తీరమునకు ఆ పిల్లవాని చెల్లెలు తోడు వచ్చినది. సరుగుడుతోట దాటినంతనే సముద్రము. విశాఖపట్టణపు సందడి లేదు. వలలు బాగుచేయువారు, ఇసుకలో పీతల గీతలు, ఒడ్డునకు లాగిన తెప్పలు. ఆ పిల్ల పాదములు తడిసికొని, “వదినగారికి సముద్రం ఇష్టమేనా?” అని యడిగి నాలుక కఱచుకొన్నది. మేమును నవ్వి యూరకుంటిమి.

మధ్యాహ్నము తిరిగి కాశీబుగ్గ చేరి, టెక్కలి బస్సెక్కితిమి. టెక్కలి చెంత రావివలసలో ఎండల మల్లికార్జునస్వామి యున్నాడు. పెద్దలింగము, పైకప్పు లేదు. రామాయణకాలపు వైద్యుడైన సుషేణుడు ఇచ్చట తపస్సు చేసి దేహము వదలగా, హనుమంతుడు ఆ దేహముపై జింకచర్మము కప్పి మల్లెలుంచెననియు, అచ్చటనే లింగము వెలసెననియు స్థలపురాణము. స్వామి గుడి వలదని, తనను తాకిన యెండయు గాలియు జనుల రోగముల మాన్పునని పలికెనట. వైద్యుని పేరిట వెలసిన దేవుని యెదుట ఆ పసుపుసంచి కాగితములను ఒక్కమాఱు కన్నుల కద్దుకొంటిమి.

ప్రొద్దు వాలుచుండగా ఆటోలో తేలినీలాపురము పోతిమి. చెట్లనిండ గూడబాతులును, ఎఱ్ఱకాళ్ళ కొంగలును. సైబీరియానుండి వచ్చునని వాడుకయేగాని, ఈ రెండు జాతులును మన దక్షిణాసియాలో గూళ్ళు పెట్టునవి. సెప్టెంబరులో వచ్చి, పిల్లలను పెంచుకొని, మార్చికి మరలిపోవును. పురిటికి పుట్టినింటికి వచ్చిన ఆడుబిడ్డలవలె ఊరివారు వానిని చూచుకొందురు. రానియేడు ఊరికి మంచిది కాదని వారి నమ్మకము.

రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరితిమి. చెల్లెలు కాగితములన్నియు చదివి, “నీళ్ళు త్రాగితివా?” అని యొక్క ప్రశ్నయే అడిగినది. త్రావితిమని చెప్పితిమి. కాగితములు మా యూరి వైద్యునకు చూపగా, లెక్కలన్నియు సరిగానే యున్నవనియు, ఏటేట పరీక్ష మానవలదనియు చెప్పిరి. ఇంక నిర్ణయము ఆమెది. వచ్చు రెండవ శనివారము తానును ఆ పల్లెబస్సు ఎక్కెదనని యన్నది. మా తల్లియు కాదనలేదు.

చూడబోవు సోదరీమణులకు రెండు మాటలు. మార్గశిర, పుష్యములు మేలు. ఎండ తక్కువ, పక్షులుండును. ఆధారు కార్డు మఱువకుడు. సంబంధము చూడబోవు తల్లులకు మూడవ మాట: రక్తపరీక్ష కాగితము అడుగుట మంచిదే, కాని ఉద్దానమువారినే అడుగుట న్యాయము కాదు. మన పిల్లల కాగితములును జాతకముతోబాటు సంచిలో పెట్టి, అడుగకముందే మనమే ముందుంచుదము.