బెండు పైపు, నా బీటెక్కు

చదివింది మెకానికల్, చేసేది జావా. అందుకే నాన్న బైకు బెండు పైపు నేనే మారుస్తానంటే ఇంట్లో ఎవరూ నమ్మలేదు. విశాఖ ఉప్పుగాలికి పైపు అడుగున తుప్పు తిని చిల్లు పడింది. యాక్సిలరేటర్ వదిలితే చాలు, పటపటమని పేలుడు.

"మెకానిక్కిద్దాంలేరా" అన్నారు నాన్న. నేను వింటేగా! హెడ్డుకి పైపుని పట్టి ఉంచేవి రెండే నట్లు. మొదటిది వచ్చేసింది. రెండోది, బరువంతా స్పానర్ మీద వేస్తే మెత్తగా కదిలింది. హమ్మయ్య అనుకునేలోపే నాన్న "ఆపు!" అని అరిచారు. కదిలింది నట్టు కాదు, స్టడ్డు మెలి తిరుగుతోందట. అది విరిగి అల్యూమినియం హెడ్డులో ఉండిపోతే ఇక డ్రిల్లింగే. ఇక్కడ అన్‌డూ ఉండదు కదా.

ఇంజను కాస్త వేడి చేసి, ఆపి, నూనె పోసి రాత్రంతా వదిలేశాం. పొద్దున కొంచెం బిగించి, కొంచెం వదులు చేస్తూ పోతే నట్టు వచ్చింది. మెలి తిన్న స్టడ్డుని నమ్మలేం. నాన్న దాని మీద రెండు నట్లు ఒకదానికొకటి బిగించి, లోపలి నట్టుని తిప్పితే స్టడ్డే బయటికొచ్చేసింది. నాలుగేళ్ళ కాలేజీలో ఎవరూ చూపించలేదండీ ఈ కిటుకు. నాన్న చేసింది పోస్టాఫీసు ఉద్యోగం.

పోర్టులో అతుక్కున్న పాత గాస్కెట్ గీకేసి, కొత్తది పెట్టి, రెండు నట్లూ మార్చి మార్చి బిగించాం. స్టార్ట్ చేయగానే పొగ! కంగారుపడ్డా. పైపు మీది నూనె మరకలు కాలుతున్నాయంతే.

పేలుళ్ళు లేవు. నాన్న ఏమీ అనలేదు, పాల ప్యాకెట్‌కని బైకేసుకుని వెళ్ళి గంటకి వచ్చారు. పాల బూత్ వీధి చివరే.