వీరపత్నికి వ్యాజ్యమేల?

మా యింటికి నాలుగిండ్ల కావల నొక సైనికుని భార్య కాపురమున్నది. ఒకనాటి మధ్యాహ్న మామె పాత చీరచెఱగులో మూటగట్టిన కాగితములను మా ముందఱ బెట్టి చదివి చెప్పుమనెను. ఆమె భర్త సరిహద్దు కొండలపై కాపలాయుండి, శత్రువు తుపాకికి గాక చలికి బలియయ్యెను. అందుచే హెచ్చు పింఛను రాదని యొక కార్యాలయమువారు వ్రాసియుండిరి. మేము చదివి వినిపింపగా నామె, "తూటా తగిలి పోయుంటే బాగుండేదని నా నోటితో నేనే అనాలా వదినగారూ?" అని కన్నీరు దుడుచుకొనెను. మాకు మాట తోచలేదు.

సైనికుని కుటుంబమునకు వచ్చు పింఛను ముఖ్యముగా మూడు విధములు. సేవతో సంబంధము లేని మరణమునకు సామాన్యముగా కడపటి జీతములో నూటికి 30 వంతులు. సేవ కారణముగా గలిగిన మరణమునకు 60 వంతులు. యుద్ధమునందును, ఉగ్రవాదులతోడి పోరునందును, అట్టి సైనికచర్యలందును మరణించినచో కడపటి జీతమంతయు వచ్చును. దీనినే లిబరలైజ్డు ఫ్యామిలీ పింఛను అందురు. కాగితముపై నొక్క మాట మాఱినచో బిడ్డల చదువును, అత్తగారి మందును మాఱును.

ఇట్టి మఱియొక యిల్లాలి వ్యాజ్యమును గూర్చి యామెకు మేము చెప్పితిమి. ఆ యిల్లాలి భర్త 2013 జనవరిలో జమ్మూ కాశ్మీరమున నియంత్రణ రేఖ చెంత గస్తీ తిరుగుచు, తీవ్రమైన చలిలో నూపిరాడక, గుండె యాగి మరణించెను. సైన్యమువారు తొలుత దానిని యుద్ధమరణముగనే వ్రాసిరి. అయినను పూర్తి పింఛను నీయలేదు. 2007 నాటి చట్టముచే నేర్పడిన సైనిక ట్రిబ్యునలులో 2019లో నామె గెలిచెను. ప్రభుత్వమువారు పైకోర్టున కెక్కిరి. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ యప్పీలును గొట్టివేసి, ఇట్టి స్త్రీని కోర్టున కీడ్చియుండరాదని మందలించి, ఖర్చులక్రింద 50,000 రూపాయలు ఆమె కిమ్మనెను.

న్యాయము జరిగినది, మేము సంతసించితిమి. కాని పదునొకండేండ్లు! తండ్రి పోయిననాడు పలక పట్టిన బిడ్డ, తీర్పు వచ్చునాటికి కళాశాల మెట్లెక్కును. మృతునికి తుపాకులు పేల్చి వందనము సేయు ప్రభుత్వమే, అతని భార్యకు ప్రతివాదియై నిలుచుట మాకు మిక్కిలి బాధాకరముగ దోచుచున్నది.

సోదరీమణులారా! మీ యిరుగుపొరుగున నిట్టి స్త్రీ యున్నచో, ఓదార్పుతో మాత్రము సరిపెట్టకుడు. మరణకారణమును దెలుపు పత్రమును, పై యధికారి యిచ్చిన ధ్రువపత్రమును భద్రపఱచుకొమ్మని చెప్పుడు. చదువక వ్రేలిముద్ర వేయవలదనుడు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు దోడు వెళ్లుడు. 1987 నాటి చట్టముచొప్పున, ఆదాయమెంతయైనను స్త్రీకి ఉచిత న్యాయసహాయము కలదు. ఈ సంగతి పెక్కుమంది కెఱుకలేదు.

మా పొరుగామెచే మఱల నర్జీ పంపించితిమి. జవాబింకను రాలేదు. తపాలా బంట్రోతు మా వీథి మలుపు దిరిగినప్పుడెల్ల, ఇప్పుడు రెండిండ్ల తలుపులు తెఱచుకొనుచున్నవి.