మూలంలో లేని కథలు

వింటే భారతమే వినాలన్నారు పెద్దలు. మా తరం తెలుగువారిలో భారతాన్ని విన్నవారి కంటె చూచినవారే ఎక్కువ. 1957 మొదలు 1977 దాకా, ఆ ఇరవై ఏళ్ళలో, మనవారు భారతకథలోని ఎన్నో ఘట్టాలను తెరకెక్కించారు. ఎవరూ ఒక ప్రణాళిక వేసికొని తీయలేదు. సంస్థలు వేరు, దర్శకులు వేరు. కథలో ముందు జరిగినది వెనుక వచ్చింది, వెనుక జరిగినది ముందు వచ్చింది. అయినా వాటిని పర్వాల వరుసలో పేర్చుకొంటే చక్కని ధారావాహిక అవుతుంది. ఘటోత్కచుడూ, కీచకుడూ, దుర్యోధనుడూ రంగారావే. శశిరేఖ సావిత్రి, ద్రౌపదీ సావిత్రే. రామారావు ఒకచోట కృష్ణుడు, ఒకచోట భీముడు, ఒకచోట బృహన్నల, మరొకచోట తెల్లగడ్డపు భీష్ముడు.

ఇందులో వింత ఏమీ లేదు. కవిత్రయ భారతం మాత్రం వరుసగా పుట్టిందా? పదకొండవ శతాబ్దిలో నన్నయ ఆది, సభాపర్వాలు ముగించి అరణ్యపర్వం నడుమ ఆగిపోయాడు. పదమూడవ శతాబ్దిలో తిక్కన ఆ శేషాన్ని ముట్టకుండా విరాటపర్వం నుండి పదిహేను పర్వాలూ పూర్తి చేశాడు. మిగిలిన అరణ్యపర్వాన్ని ఆ తరువాత ఎఱ్ఱన పూరించాడు. మూడు చేతుల పని అది. చదివేవాడు దానిని ఒకే గ్రంథంగా చదువుకొంటున్నాడు. సినిమా భారతాన్ని కూడ అలాగే ఒక గ్రంథంగా కుట్టుకొన్న మనిషిని నేనెరుగుదును. ఆమె మా అమ్మ.

అమ్మ చదువు మూడవ తరగతితో ఆగింది. ఆమెకు భారతం హరికథలలోనూ, తిరుపతి వేంకటకవుల పద్యనాటకాలలోనూ, ఆ పైన సినిమాలలోనూ అబ్బినది. మాయాబజార్ వచ్చిన 1957లో ఆమెకు పంతొమ్మిదేళ్ళు. మా ఊరి ఆడవాళ్ళతో కలిసి తెనాలి వెళ్ళి చూచి వచ్చిందట. ఆ మరుసటి ఏడు నేను పుట్టాను. 1963లో నర్తనశాలకు నన్నూ ఎడ్లబండిలో తీసికొని వెళ్ళింది. నాకు గుర్తున్నవి రెండే: కీచకుడి గొంతు, తిరుగుదారిలో బండి క్రింద ఊగుతూ వచ్చిన లాంతరు.

నేనేమో ప్రాచ్య కళాశాలలో భాషాప్రవీణ చదివి, పండిత శిక్షణ ముగించి, ముప్పై ఏళ్ళకు పైగా ఉన్నత పాఠశాలలలో తెలుగు చెప్పినవాడిని. పద్యం చెప్పేటప్పుడు ‘ఇది మూలంలో ఉన్నది, ఇది మూలంలో లేదు’ అని విడమరచి చెప్పడం నాకు అలవాటు. ఆ విధంగా మా ఇంట్లో రెండు భారతాలు ఉండేవి.

2018 జూన్‌లో నేను పదవీవిరమణ చేశాను. ఆ వేసవిలోనే అమ్మ గుండె బలహీనపడిందని వైద్యులు చెప్పడంతో ఊరి నుండి ఆమెను మా ఇంటికి తెచ్చుకొన్నాము. అప్పటికి ఆమెకు ఎనభై ఏళ్ళు. మా అబ్బాయి ఒక పెన్‌డ్రైవ్‌లో పాత పౌరాణికాలన్నీ ఎక్కించి ఇచ్చిపోయాడు. ఏవి ముందు, ఏవి వెనుక అన్నది అమ్మ నిర్ణయించింది. మొదట భీష్మ, తరువాత శ్రీకృష్ణ పాండవీయం, పాండవ వనవాసం, మాయాబజార్, నర్తనశాల, దానవీరశూరకర్ణ, చివరకు బబ్రువాహన.

శ్రీకృష్ణార్జున యుద్ధం కూడ అందులో ఉన్నది. కృష్ణుడికీ అర్జునుడికీ యుద్ధం మూలంలో లేదమ్మా అని నేనన్నాను. సరే తీసెయ్యమన్నది. ఆ లెక్కన మాయాబజార్ కూడ తీసివేయాలి, వ్యాసుడికి శశిరేఖ ఎవరో తెలియదు అన్నాను.

“అది తీసేసినాక ఇంక భారతం ఎందుకురా?” అన్నది అమ్మ. మాయాబజార్ ఉండిపోయింది.

జాబితాలో వీరాభిమన్యు పేరు చదివినప్పుడు మాత్రం, “ఆ బొమ్మ వద్దు” అన్నది. నేను కారణం అడుగలేదు. మా తమ్ముడు 1984లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, నాలుగు రోజుల జ్వరంతో పోయాడు. కొడుకు చనిపోయే కథ ఆమె చూడలేదనుకొని ఊరుకొన్నాను.

రోజూ మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టి ఐదింటికి ఆపేవాళ్ళం. సగం సినిమా ఒక రోజు, సగం మరునాడు. అమ్మ ఒళ్ళో పళ్ళెం, పళ్ళెంలో ప్రత్తి. తెరవైపు చూస్తూనే ఒత్తులు చేసేది. కార్తీక పౌర్ణమికి వెలిగించే మూడువందల అరవైఐదు ఒత్తుల కట్టలు ఇంట్లో అందరికీ ఆమే చేసి పెట్టాలి. ఆమె చేయి ఆగిందంటే కథ ఎక్కడ ఉన్నదో నాకు తెలిసిపోయేది. పాండవ వనవాసంలో ద్రౌపదిని సభకు ఈడ్చే ఘట్టం రాగానే పళ్ళెం ప్రక్కన పెట్టి లేచి లోపలికి పోయేది. భీముడు ప్రతిజ్ఞ మొదలుపెట్టే వేళకు సరిగ్గా తిరిగి వచ్చి కూర్చొనేది. ఆ నడుమ ఎంతసేపు పడుతుందో ఆమెకు కొలత తెలుసు.

2010లో వచ్చిన రంగుల మాయాబజార్ కూడ మావాడు ఎక్కించి ఇచ్చాడు. “నేను చూసింది ఇది కాదు” అని అమ్మ నలుపు తెలుపులదే పెట్టించుకొన్నది. ఆ సినిమాలో పాండవులు ఒక్కరూ కనిపించరన్న సంగతి విమర్శకులు గొప్పగా చెప్పగా నేను చదివాను. అమ్మకు ఆ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. “అయిదుగురు అన్నదమ్ములూ ఊళ్ళో లేకపోతే కథ ఎంత సుఖంగా నడిచిందో చూశావా?” అన్నది.

నర్తనశాల చూచేటప్పుడు నా పాండిత్యానికి కొంచెం గౌరవం దక్కింది. ఉత్తర గోగ్రహణంలో బృహన్నల కౌరవవీరులను ఒక్కొక్కరినీ గుర్తు పట్టి చూపే చోట తిక్కన పద్యం వినవస్తుంది. దాని అర్థం చెప్పమన్నది. ఎవరి రథం మీద ఏ జెండా ఉన్నదో విడమరచి చెప్పాను. విని, “ఇన్నేళ్ళూ రాగం కోసం విన్నాను” అన్నది. దానవీరశూరకర్ణకు నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. దుర్యోధనుడికి యుగళగీతం పెట్టారే, ఇది మూలంలో ఎక్కడున్నదని నేను నవ్వాను. “ఉండకపోతే ఏం? వాడికి మాత్రం పెళ్ళాం లేదా?” అన్నది.

ఆ ఏడు ధనుర్మాసంలో బబ్రువాహన ముగిసింది. అశ్వమేధపర్వంలో అర్జునుడు కన్నకొడుకు చేతిలో పడిపోవడం, ఉలూచి మణితో తిరిగి లేవడం ఆ కథ. “అటువంటి మణి అందరిళ్ళల్లోనూ ఉండదు” అని, “తరువాత ఏముంది?” అని అడిగింది అమ్మ.

తరువాత నాలుగు పర్వాలున్నాయి. మా పెన్‌డ్రైవ్‌లో వాటికి సినిమాలు లేవు. నేను ఆశ్రమవాసపర్వం తీసి, తరగతిలో చెప్పినట్లు తేటమాటలలో చెప్పాను. యుద్ధం గెలిచిన పదిహేనేళ్ళకు ధృతరాష్ట్రుడూ గాంధారీ అడవికి బయలుదేరుతారు. కుంతి కూడ వారి వెంట నడుస్తుంది. కొడుకులు కాళ్ళా వేళ్ళా పడినా తిరిగి రాదు. కొంతకాలానికి పాండవులు వారిని చూడబోతారు. అప్పుడు వ్యాసుడు గంగ ఒడ్డున ఒక్క రాత్రికి చచ్చిపోయినవారందరినీ నీటిలో నుండి పిలుస్తాడు. తల్లులు బిడ్డలను చూచుకొంటారు. గుడ్డివాడైన ధృతరాష్ట్రుడికి కూడ ఆ రాత్రి చూపు వస్తుంది. తెల్లవారగానే వచ్చినవారంతా వెళ్ళిపోతారు.

అమ్మ చేయి ఎప్పుడో ఆగిపోయింది.

“అభిమన్యుడు వచ్చాడా?”

“వచ్చాడమ్మా. వ్యాసుడు పేరు పెట్టి చెప్పాడు. ద్రౌపది కొడుకులు అయిదుగురూ వచ్చారు. ఘటోత్కచుడూ వచ్చాడు.”

“ఒంటిమీద దెబ్బలు?”

“దెబ్బల మాట లేదు. మంచి బట్టలు కట్టుకొని, పగలూ పంతాలూ మరచి వచ్చారట.”

చాలాసేపు మాట్లాడలేదు. తరువాత పళ్ళెంలోకి చూస్తూ చెప్పింది.

“తమ్ముడు కడుపులో ఉండగా ఆ బొమ్మ చూశానురా. మీ నాయనమ్మ వద్దన్నది. పద్మవ్యూహం కథ కడుపుతో ఉన్నవాళ్ళు వినకూడదు, లోపలి బిడ్డ వింటాడు అన్నది. నేను వినలేదు, వెళ్ళాను. వాడు లోపలికి పోయే దారి విన్నాడు. బయటికొచ్చే దారి వినలేదు.”

వీరాభిమన్యు వచ్చినది 1965లో. మా తమ్ముడు 1966 జనవరిలో పుట్టాడు. వాడు పోయిన తరువాత ముప్పై నాలుగేళ్ళు ఆమె ఈ మాటను ఎవరికీ చెప్పలేదు. నాన్నగారికి కూడ చెప్పినట్లు లేదు. ఆ జ్వరానికి కారణం ఏమిటని ఇంట్లో ఎప్పుడు ప్రస్తావన వచ్చినా అమ్మ లేచి పెరట్లోకి పోవడం నేనెరుగుదును. ఎందుకో ఆ రోజున తెలిసింది.

“అమ్మా, అది మూలంలో లేదు” అన్నాను.

తలెత్తి చూచింది.

ద్రోణపర్వంలోని సంగతి చెప్పాను. వ్యూహాన్ని ఛేదించమని ధర్మరాజు అడిగినప్పుడు, లోపలికి వెళ్ళే ఉపాయం తన తండ్రి నేర్పాడనీ, ఆపద వస్తే వెలుపలికి రావడం తనకు తెలియదనీ అభిమన్యుడు తన నోటితోనే అంటాడు. ఆ మాటలో తల్లి ప్రసక్తి లేదు. సుభద్ర గర్భవతిగా ఉండి వినడం, నడుమ నిద్రపోవడం, లోపలి శిశువు ఊ కొట్టడం, ఇవన్నీ జనం చెప్పుకొనే కథలు.

“తండ్రి నేర్పాడా?”

“తండ్రే నేర్పాడు.”

“కడుపులో వినడం లేదా?”

“లేదమ్మా.”

“నువ్వు చదివావా? ఎవరన్నా చెప్పారా?”

“నేనే చదివాను.”

మళ్ళీ ఒత్తులు చేయడం మొదలుపెట్టింది. సాయంకాలం దీపం పెట్టే వేళ దాకా మరి ఆ ఊసు ఎత్తలేదు. అన్నాళ్ళూ నేను ‘మూలంలో లేదు’ అన్న ప్రతిసారీ ఆమె కొట్టి పారేసింది. ఆ ఒక్కసారి మాత్రం మూలాన్నే పట్టుకొన్నది. ముప్పై ఏళ్ళు పిల్లలకు నేను చెప్పిన మూలభేదాలు పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నకు పనికివచ్చాయి. నేను చదివిన చదువు ఒక మనిషి గుండె మీది బరువు దించగా చూచినది ఆ సాయంకాలమే.

సంక్రాంతి వెళ్ళాక ఒక మధ్యాహ్నం, “ఆ బొమ్మ పెట్టు” అన్నది. శోభన్‌బాబు అభిమన్యుడు, కాంచన ఉత్తర, రామారావు కృష్ణుడు. రెండు రోజులు చూచాము. వ్యూహం నడుమ అభిమన్యుడు పడిపోయే చోట అమ్మ లేచి లోపలికి పోలేదు. చివరిదాకా కూర్చొని, “మనవాడికంటె రెండేళ్ళు చిన్న” అన్నది. కన్నీళ్ళు పెట్టుకొన్నది, తుడుచుకొన్నది. ఆ రాత్రి మా ఆవిడతో తమ్ముడి చిన్ననాటి అల్లరి గురించి పది గంటల దాకా మాట్లాడింది. అంతకు మునుపు వాడి పేరెత్తి అంతసేపు మాట్లాడగా నేను వినలేదు.

మిగిలిన మూడు పర్వాలు శివరాత్రి వెళ్ళిన తరువాత చెప్పమన్నది. శివరాత్రి రానేలేదు. 2019 ఫిబ్రవరిలో, భీష్మైకాదశి వెళ్ళిన నాలుగవ నాడు, తెల్లవారుజామున నిద్రలోనే పోయింది.

కర్మలు ముగిసిన తరువాత ఆ మూడు పర్వాలూ నేనొక్కడినే చదివాను. మౌసలపర్వంలో కృష్ణుడు వెళ్ళిపోతాడు. మహాప్రస్థానికంలో ద్రౌపది మొదలుకొని ఒక్కొక్కరే దారిలో పడిపోతారు, ధర్మరాజు వెంట కుక్క ఒక్కటే మిగులుతుంది. చదువుతూ చదువుతూ, ఇక్కడ అమ్మ ఏమనేదో అని ఆగేవాడిని. కొన్నిచోట్ల తోచేది, కొన్నిచోట్ల తోచేది కాదు. నన్నయ ఆపినచోటు నుండి ఎఱ్ఱన అందుకోగలిగాడు గాని, అమ్మ మాటను అందుకోవడం నా వల్ల కాలేదు.

రంగారావు 1974లో పోయాడు, సావిత్రి 1981లో, రామారావు 1996లో. మీట నొక్కితే వారంతా ఇప్పటికీ లేచి వస్తారు, సినిమా ముగిసేదాకా ఉంటారు. వ్యాసుడు గంగ ఒడ్డున చూపిన రాత్రివంటిదే ఇదీ. మన ప్రక్కన కూర్చొని చూచినవారు మాత్రం ఆ పిలుపుకు రారు. మీలో అమ్మానాన్నలు ఇంకా దగ్గర ఉన్నవారు వారికి నచ్చిన సినిమా ఒకటి పెట్టి ప్రక్కన కూర్చోండి. ఏది వద్దంటారో అది కూడ గుర్తుపెట్టుకోండి.

పెన్‌డ్రైవ్ నా బల్ల సొరుగులోనే ఉన్నది. అమ్మ పోయేనాటికి వచ్చే కార్తీకానికి చేయవలసిన కట్టలన్నీ పూర్తి చేసి డబ్బాలో పెట్టింది. ఆ ఏడు పౌర్ణమి నాడు మా ఆవిడ వాటిని నేతిలో తడిపి వెలిగించింది.