పల్లవి దొరికిన చోటు

గత సంవత్సరం వార్షికోత్సవానికి నెలన్నర ముందు ముగ్గురు విద్యార్థులు, ఒక విద్యార్థిని స్టాఫ్ రూమునకు వచ్చి నా బల్ల ముందు నిలబడ్డారు. ఇద్దరి భుజాలకు గిటార్లు వ్రేలాడుతున్నవి. తాము ఒక రాక్ బ్యాండ్ ఏర్పాటు చేసుకొన్నామనీ, సినిమా పాటలు గాక తమదంటూ ఒక పాట పాడదలచామనీ, దానిని నేనే వ్రాసి ఇవ్వాలనీ కోరారు. తెలుగు ఉపన్యాసకుడు అడిగిందే తడవుగా పాట వ్రాసి ఇవ్వగలడన్న నమ్మకం మన పల్నాట ఇంకా మిగిలి ఉన్నది. దానిని వమ్ము చేయడం ఇష్టం లేక సరేనన్నాను.

మూడు రాత్రులు మేలుకొన్నాను. వెన్నెల వచ్చింది, కోయిల వచ్చింది, నవయుగం వచ్చింది, యువతను మేలుకొమ్మనే పిలుపు సైతం వచ్చింది. ప్రాస కుదిరింది, నడక ఎక్కడా తప్పలేదు. నాలుగవ నాడు కాగితం వారి చేతిలో పెట్టాను. వారు మర్యాదగా పుచ్చుకొన్నారు. వారం గడచినా సాధన చేస్తున్న అలికిడి లేదు. చివరకు డ్రమ్ములు వాయించే కుర్రవాడు తల వంచుకొని, "పాట బాగుంది సార్. కాని ఇది ఎవరి గురించి సార్?" అన్నాడు.

నా వద్ద సమాధానం లేకపోయింది. ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసం అనే మూడూ కావ్యహేతువులని ఏటేటా నల్లబల్ల మీద వ్రాసేవాడిని. ఆ మూటిలో నాకు కొరవడినది ఏదో ఆ పిల్లవాడు ఒక్క ప్రశ్నతో తేల్చివేశాడు. మధ్యాహ్నం టీ త్రాగుతూ ఈ సంగతి మా ఉర్దూ శాఖ పెద్దలతో చెప్పుకొన్నాను. వారు నవ్వి, ఉర్దూ విమర్శకులు కవిత్వాన్ని ఆమద్ అనీ ఆవుర్ద్ అనీ రెండుగా చూస్తారని చెప్పారు. తనంతట తాను వచ్చినది ఆమద్. ప్రయాసపడి తెచ్చినది ఆవుర్ద్. "మీరు పలుపుత్రాడు కట్టి లాక్కొచ్చారు జనాబ్!" అన్నారు. ఆమద్ ఎక్కడ నుండి వస్తుందని అడిగాను. "ఆ చిరునామా తెలిస్తే నేను ఈ చల్లారిన టీ త్రాగుతూ ఇక్కడ కూర్చుంటానా?" అని ఆయన గంట మ్రోగడంతో లేచిపోయారు.

ఆ చిరునామాను వెదకడంలో నాకు గురువులు నా శిష్యులే అయ్యారు. వారు బీటిల్స్ అనే ఆంగ్ల బృందానికి వీరాభిమానులు. ఆ బృందంలో పాటలు కట్టినవారు ముఖ్యంగా ఇద్దరు, జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ. వీరికి పాటలు దొరికిన చోట్లు వింటే మన ఆలంకారికులు ముక్కున వేలు వేసుకొంటారు. 1965లో వెలువడిన 'ఎస్టర్డే' బాణీ మెకార్ట్నీకి నిద్రలో, కలలో వచ్చింది. మాటలు దొరకనందున కొంతకాలం కోడిగ్రుడ్ల వేపుడును గూర్చిన తమాషా మాటలతో దానిని పాడుకొన్నాడట. లెనన్ ఒక పాత సామానుల దుకాణంలో 1843 నాటి సర్కస్ ప్రకటన కొని, అందులోని మాటలనే దాదాపుగా పాట చేశాడు. 1967 జనవరిలో ఒక దినపత్రికను ముందు పెట్టుకొని, బ్లాక్‌బర్న్ పట్టణపు వీధులలో నాలుగువేల గోతులు ఉన్నవన్న చిన్న వార్తను మరొక పాటలోనికి ఎక్కించాడు. గోతులే కవితావస్తువులైతే మన రహదారులు మహాకావ్యాలకు చాలును! మెకార్ట్నీ తమ ఊరు లివర్‌పూల్‌లోని ఒక వీధిని, అక్కడి మంగలి దుకాణంతో సహా పాటగా కట్టాడు.

ఇది విన్నప్పుడు నాకు గుర్తు రావలసినది లివర్‌పూల్ కాదు. వినుకొండలో పుట్టిన జాషువా మహాకవి 1941లో 'గబ్బిలం' వ్రాశారు. కాళిదాసు యక్షునికి మేఘం దొరికింది. పేదవాని గుడిసెలోనికి వచ్చేది గబ్బిలం. అస్పృశ్యుడని తనను రానీయని గుడిలోనికి కూడా అది పోగలదు. కనుక దానినే దూతగా పంపారు. ఈ మాట తరగతి గదిలో ఎన్నోమార్లు చెప్పాను, నా చూరు క్రింద ఏమున్నదో మాత్రం తలయెత్తి చూడలేదు.

చూడకపోవడానికి కారణం ఉన్నది. దానిని చెప్పడానికే ఈ వ్యాసం వ్రాయబూనాను.

మా తాత దూది ఏకేవాడు. గురజాల, కారెంపూడి ప్రాంతాల పల్లెలలో భుజాన విల్లు వేసుకొని తిరిగేవాడు. కేక వేసే అలవాటు లేదు. నడుస్తూ విల్లు నారిని మీటితే చాలు, వీధికి తెలిసేది. పాత పరుపులు, బొంతలు బయటికి వచ్చేవి. గొర్రె ప్రేగుతో చేసిన ఆ నారిని కొయ్య గూటంతో కొడుతుంటే గడ్డకట్టిన దూది మంచువలె పైకి లేచేది. నా పసితనంలో ఇంటి వెనుక పందిరి క్రింద విన్న ఆ మ్రోత ఇప్పటికీ చెవిలో ఉన్నది. మూడు దెబ్బలు బరువుగా, నాలుగవది తేలికగా, పిమ్మట చిన్న విరామం.

పెద్ద చదువులకు పోయిన పిమ్మట ఆ మ్రోతను నేను దాచుకొన్నాను. ఎం.ఏ. చదివే రోజులలో మీ పెద్దలు ఏం చేసేవారని ఎవరైనా అడిగితే "వ్యాపారం" అనేవాడిని. పింజారి అన్న మాటను కొందరు తిట్టుగా వాడటం విన్నవాడిని. ఒకనాడు గ్రంథాలయంలో పుస్తకాల వరుస మీద అదే మాట పెద్ద అక్షరాలలో కనిపించింది. బుర్రకథ పితామహుడని పేరొందిన షేక్ నాజర్ తన జీవితకథను చెప్పగా అంగడాల వెంకటరమణమూర్తి అక్షరబద్ధం చేసిన పుస్తకమది. పేరు 'పింజారి'. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టి, 1986లో పద్మశ్రీ అందుకొని, 1997లో కన్నుమూసిన మహాకళాకారుడు ఏ మాట వెనుక నేను దాగుకొన్నానో దానినే తన పుస్తకానికి పేరుగా పెట్టుకొన్నాడు. నేనా పుస్తకాన్ని అట్ట కనబడకుండా నోటు పుస్తకంలో పెట్టుకొని చదివాను. ఈనాడు వ్రాయడానికి కూడా సిగ్గుగా ఉన్నది.

మా తాత ఆయనను "మన నాజరు" అనేవాడు. ఈ సంగతులన్నీ ఆ నలుగురికీ చెప్పుతూ, బుర్రకథ దళం కూడా ఒక బ్యాండే కదా అన్నాను. నడుమ తంబురా ధరించి, చేతి అందెలు మ్రోగిస్తూ అడుగులు వేసే కథకుడు, ఇరుప్రక్కల గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం చెప్పుతారు, మరొకరు రాజకీయం. నాకు ఈ రాజకీయపు వంత అంటే ఎనలేని గౌరవం. కథ పల్నాటి యుద్ధమైనా, కోడిపోరులో బ్రహ్మనాయుడు ఓడుతున్నా, అతడు నడుమ అడ్డుపడి నేటి ధరలను గూర్చో నిన్నటి అన్యాయాన్ని గూర్చో మాట్లాడవచ్చును. ఎనిమిది వందల ఏండ్లనాటి కథలో ఈనాటి సంగతికి ఒక మనిషిని, ఒక స్థానాన్ని ఏర్పాటు చేసి ఉంచారు. లెనన్ వార్తాపత్రిక తెరవడానికి రెండు దశాబ్దాలకు పూర్వమే ప్రజానాట్యమండలి వారు 1943 నాటి బెంగాల్ కరవును మన పల్లెల వేదికలకు తెచ్చారు. నాజర్ ఆ కరవును బుర్రకథగా కట్టి చెప్పాడు. వంగదేశపు ఆకలిని గుంటూరు సీమ రైతుకు తన ఇంటి ఆకలిగా వినిపించడం సామాన్యమైన విద్య కాదు.

"అయితే మన రాజకీయపు వంత ఏం చెప్పాలి సార్?" అన్నాడు డ్రమ్ముల కుర్రవాడు. నీ ఇంట్లో ఏం వినిపిస్తుందని అడిగాను. తండ్రి పిడుగురాళ్ళ సున్నపు బట్టీలో పని చేస్తాడట. రాత్రి ఇంటికి వచ్చి దగ్గుతాడని చెప్పాడు. మాచర్ల నుండి వచ్చిన విద్యార్థిని, తన తల్లి మిరప కల్లంలో తాలుకాయలు ఏరుతూ తుమ్ములకూ తుమ్ములకూ నడుమ మాట్లాడే తీరును అభినయించి చూపింది. అందరం నవ్వాము. ఆ పిమ్మట ఆ అమ్మాయి నవ్వలేదు. రెండవ చరణం ఆమే వ్రాసింది. నేను ఒక్క అక్షరం దిద్దలేదు.

పల్లవి మాత్రం నా బల్ల మీద దొరికింది. మాట్లాడుతూ మాట్లాడుతూ తెలియకుండానే వ్రేళ్ళతో బల్లను కొడుతున్నానట. మూడు బరువుగా, ఒకటి తేలికగా. "సార్, అదేమిటి సార్? మళ్ళీ కొట్టండి," అన్నాడు ఆ కుర్రవాడు. ఏమిటో చెప్పాను. పదిహేనేండ్లలో నా వృత్తి స్థలంలో మొదటిసారి ఆ మాటను పైకి పలికాను.

ఇంట్లో మా నాన్నగారికి ఈ పని నచ్చలేదు. "మీ తాత విల్లు దించిన తరువాత గదరా మనల్ని మనుషుల్లో కూర్చోబెట్టింది. ఇప్పుడు మైకు పెట్టి చెప్తావా?" అన్నారు. ఆయన చిన్ననాట ఆ విల్లు మోసినవారు. నేను మోయలేదు. అందుచేత ఎదురు మాట్లాడలేకపోయాను. పాట ఆపుదామని కూడా ఒక పూట అనుకొన్నాను. పిల్లలు అప్పటికే సాధనలో మునిగి ఉన్నారు.

వార్షికోత్సవం నాడు రెండవ చరణంలో మైకు మూగవోయింది. వెనుక వరుసల వారికి ఆ అమ్మాయి గొంతు అందలేదు. డ్రమ్ము మాత్రం అందింది. వేదిక ముందున్న పెద్దలు కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు గడియారం చూసుకొన్నారు. మా నాన్నగారు వచ్చినట్లు నాకు తెలియదు. ద్వారం దగ్గర నిలబడి విని వెళ్ళిపోయారట.

మరునాటి ఉదయం అన్నం దగ్గర ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. లేస్తూ, "వాడెవడోగాని వేగం ఎక్కువ చేశాడు. నాలుగో దెబ్బకి దూది లేవాలి, అందాకా ఆగాలి. మీ తాతది అంత తొందర కాదు," అన్నారు.

ఈ మాట చెప్పగానే ఆ నలుగురూ ఆదివారం మా ఇంటికి వస్తామన్నారు. నాన్నగారు అటక మీది విల్లును దించి తుడిచి ఉంచారు. దానికి నారి లేదు. నరసరావుపేటలో రెండు పరుపుల దుకాణాలలో అడిగాను, అటువంటిది ఇప్పుడు ఎవరూ వాడరని చెప్పారు.